ఆపరేషను కాగితంపై సంతకం చేసే ముందు



"మాకు పిల్లలు చాలు" అని మీరిద్దరూ అనుకున్నారు. కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకోవాలని నిశ్చయించుకుని ఆస్పత్రికి వచ్చారు. నర్సమ్మ ఒక కాగితం తెచ్చి "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటుంది. సంతకం రానివారికి వేలికి సిరా రాస్తుంది. అందులో ఏమి రాసి ఉన్నదో మనలో చాలామంది చదవరు, చదివించుకోరు. "ఏముంటుందిలే, అందరూ పెట్టేదే గదా" అనుకుంటారు.

పొలం కాగితమైతే అలా చేస్తామా? తెలిసినవారి చేత రెండుసార్లు చదివిస్తాం. హద్దులు సరిచూసుకుంటాం. అనుమానం ఉంటే రేపు చూద్దామని లేచి వస్తాం. మరి ఒంటిమీద కత్తి పెట్టడానికి ఒప్పుకునే కాగితానికి ఆపాటి శ్రద్ధ అక్కరలేదా?

ఆ కాగితం పేరు అంగీకార పత్రం. కుటుంబ నియంత్రణకు ఇతర పద్ధతులు కూడా ఉన్నాయని నాకు తెలుసు, ఈ ఆపరేషను శాశ్వతమైనదని తెలుసు, ఇది అరుదుగా విఫలం కావచ్చునని తెలుసు, ఏ ఆపరేషనులోనైనా కొంత ప్రమాదం ఉంటుందని తెలుసు, ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టంతో చేయించుకుంటున్నాను అని అందులో ఉంటుంది. ప్రతి వాక్యమూ "నాకు తెలుసు" అనే చెబుతుంది. అంటే ముందు ఎవరో మీకు తెలియజెప్పాలి. తెలియజెప్పకుండా పెట్టించిన సంతకం సంతకమే కాదు.

ఇంతకూ ఏమిటా ప్రమాదాలు?

దాచకుండా చెప్పుకుందాం. స్త్రీలకు చేసే ట్యూబెక్టమీలో గర్భసంచికి రెండు పక్కలా ఉండే సన్నని గొట్టాలను కట్టి కత్తిరిస్తారు, లేదా లాపరోస్కోపు అనే దుర్భిణితో చూస్తూ రింగులు వేస్తారు. చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా ఇంటికి వెళతారు. కొద్దిమందికి కుట్టు దగ్గర చీము పట్టవచ్చు, రక్తం కారవచ్చు. మత్తుమందు పడకపోవచ్చు. చాలా అరుదుగా పేగుకో మూత్రకోశానికో గాయం కావచ్చు. ప్రాణం పోవడం మరీ అరుదు. కాని అసలు జరగదని ఎవరూ చెప్పలేరు. చెప్పకూడదు కూడా.

ఇక విఫలం కావడం. ట్యూబెక్టమీ చేయించుకున్న 1000 మంది స్త్రీలలో సుమారు 5 గురికి మొదటి సంవత్సరంలోనే గర్భం రావచ్చు. అంతటితో అయిపోదు. 1996లో అమెరికాలో ప్రకటించిన ఒక పెద్ద పరిశీలనలో, పది సంవత్సరాలు గడిచేసరికి ఈ సంఖ్య 1000కి 18, 19 దాకా చేరింది. కట్టిన గొట్టం మళ్ళీ అతుక్కోవడం, రింగు జారిపోవడం వంటివి దీనికి కారణాలు. ఆపరేషను నాటికే కడుపులో నలుసు పడి ఉండటం మరొక కారణం. బహిష్టు వచ్చిన ఏడు రోజులలోపు రమ్మనేది, మూత్ర పరీక్ష చేసేది అందుకే. డాక్టరు ఎంత నేర్పుగా చేసినా గొట్టాలు తమంతట తాము అతుక్కునే అవకాశం కొంత ఉంటుంది. విరిగిన ఎముకను అతికించేది కూడా ఒంటికి ఉన్న ఆ గుణమే గదా!

పురుషులకు చేసే వేసెక్టమీ స్త్రీల ఆపరేషను కంటె తేలిక, ప్రమాదం కూడా తక్కువ. ఇప్పుడు కత్తి కోత లేకుండా, కుట్టు లేకుండా కొద్ది నిమిషాల్లో చేస్తున్నారు. పొట్ట కోయనవసరం లేదు. అయినా మన ఊళ్ళలో ఈ భారం ఆడవారి మీదే వేస్తున్నాం. మగవాడు నాగలి పట్టలేడని, బలం పోతుందని చెప్పేవి వట్టి మాటలు. వీర్యనాళం మూసినందువల్ల బలమూ తగ్గదు, మగతనమూ తగ్గదు. ఆపరేషను తరువాత కొన్నాళ్ళు వాపు, నొప్పి ఉండవచ్చు. కొద్దిమందిలో నొప్పి ఎక్కువ కాలం ఉంటుంది. అదీ ముందే చెప్పవలసిన మాటే.

కాని వేసెక్టమీలో ఒక ముఖ్యమైన సంగతి ఉన్నది. దానిని చెప్పకపోవడం వల్ల సంసారాలే పాడైపోతాయి.

తూము మూసినా కాలువలో నీళ్ళుంటాయి

చెరువు తూము మూశారనుకోండి. మూసిన క్షణంలోనే చివరి మడికి నీరు ఆగుతుందా? ఆగదు. అప్పటికే కాలువలో ఉన్న నీరు పారి, ఇంకేదాకా పొలంలోకి వస్తూనే ఉంటుంది. వేసెక్టమీ కూడా అంతే. నాళం మూసిన చోటికి దిగువన అప్పటికే చేరిన బీజాలు కొంతకాలం వీర్యంలో వస్తూనే ఉంటాయి. అందుకని ఆపరేషను జరిగిన తరువాత 3 నెలల పాటు నిరోధ్ గాని మరొక పద్ధతి గాని తప్పకుండా వాడాలి. 3 నెలలు నిండాక ఆస్పత్రిలో వీర్య పరీక్ష చేయించుకోవాలి. బీజాలు లేవని డాక్టరు గారు చెప్పిన తరువాతే ఆపరేషను ఫలించినట్లు. పరీక్ష చేయించుకున్నవారిలో 1000కి ఒకటి రెండు గర్భాలు మాత్రమే వస్తాయి. పరీక్ష చేయించుకోని చోట 100కి రెండు మూడు దాకా వస్తాయి.

ఈ ముక్క ఎవరూ చెప్పలేదనుకోండి. భర్త మాఘమాసంలో ఆపరేషను చేయించుకున్నాడు. చైత్రంలో భార్య నెల తప్పింది. ఇక ఆ ఇంట్లో ఏమి జరుగుతుందో మీరే ఊహించండి. అత్తగారు నోటితో ఏమీ అనదు గాని చూపు మారుతుంది. బావి దగ్గర గుసగుసలు మొదలవుతాయి. "నాకు ఆపరేషను అయ్యింది గదా, మరి ఇదెక్కడిది?" అని భర్త అడగనే అడుగుతాడు. ఆ తల్లి ఏమని జవాబు చెబుతుంది? ఆమె ఏ తప్పూ చేయలేదు. కాలువలో మిగిలిన నీరు అది. ఒక్క మాట ముందు చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పనందువల్ల పుట్టింటికి పంపడం, పెద్దమనుషుల పంచాయతీ, కొట్టడం దాకా వస్తుంది. కొందరు ఆడవాళ్ళు బావి వైపు నడుస్తారు.

ఆపరేషనుపై తగాదాలు కోర్టులో మొదలవుతాయని అనుకుంటాం. నిజానికి చాలావరకు ఇంట్లోనే మొదలవుతాయి. కాబట్టి భర్తకు ఆపరేషనైతే భార్యను కూడా పక్కన కూర్చోబెట్టుకుని ఈ మూడు నెలల సంగతి వినాలి. భార్య ఆపరేషనుకు భర్త సంతకం, భర్త ఆపరేషనుకు భార్య సంతకం నియమాల ప్రకారం అవసరం లేదు. సంతకం అవసరం లేకపోయినా వినడం మాత్రం ఇద్దరికీ అవసరం. ఆపరేషనైన ఎన్నాళ్ళకైనా భార్య నెల తప్పితే మాట తూలకండి. ముందు ఆస్పత్రికి వెళ్ళి వీర్య పరీక్ష చేయించుకోండి.

చెబితే జనం పారిపోతారా?

ప్రమాదాలన్నీ చెబితే జడిసి ఎవరూ ఆపరేషనుకు రారని, పైగా తగాదాలు పెరుగుతాయని కొందరు సిబ్బంది అంటారు. అది సరి కాదు. మన దేశంలో చెప్పకుండా చేసిన కాలం ఒకటి ఉన్నది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క సంవత్సరంలో 80 లక్షలకు పైగా ఆపరేషనులు చేశారు. అందులో ఎక్కువ భాగం మగవారికే. లక్ష్యాల కోసం ఎందరినో బలవంతాన తీసుకుపోయారు. అంగీకారం పేరుకే మిగిలింది. దాని ఫలితం ఏమిటి? వేసెక్టమీ పేరు చెబితేనే మగవాళ్ళు దూరం జరిగారు. ఆ భయం ఇన్ని దశాబ్దాలైనా పూర్తిగా పోలేదు. జనాన్ని పారిపోయేటట్లు చేసింది బలవంతమే గాని, నిజం చెప్పడం కాదు.

ముందుగా తెలిసిన కష్టానికి, తెలియకుండా మీద పడ్డ కష్టానికి ఎంతో తేడా ఉన్నది. "వెయ్యిమందిలో కొద్దిమందికి ఇలా జరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది, ఆ కొద్దిమందిలో మేము పడ్డాం" అనుకున్నవారు ఆస్పత్రికి తిరిగివచ్చి వైద్యం చేయించుకుంటారు. "ఏమీ కాదన్నారు, ఇప్పుడిలా అయ్యింది" అనుకున్నవారు కోపంతో వస్తారు. ఒక్కొక్కసారి కర్రలతో వస్తారు. అప్పుడు డాక్టరుకూ నష్టమే, రోగికీ నష్టమే.

న్యాయస్థానాలు ఏమన్నవి?

ఈ విషయంలో మన సుప్రీంకోర్టు చెప్పిన తీర్పులు కొన్ని మీరు తెలుసుకోవాలి. హర్యానాలో ఏడుగురు పిల్లల తల్లి, కూలి చేసుకునే ఒక పేదరాలు, 1988లో ప్రభుత్వ ఆస్పత్రిలో ట్యూబెక్టమీ చేయించుకున్నది. ఇక పిల్లలు పుట్టరని ఆమెకు చెప్పారు. తరువాత మరొక ఆడపిల్ల పుట్టింది. విచారించగా కుడివైపు గొట్టానికే ఆపరేషను చేశారని, ఎడమవైపుది ముట్టుకోనే లేదని తేలింది. 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు ఇది నిర్లక్ష్యమేనని, ఆ బిడ్డ పెంపకానికి ప్రభుత్వం పరిహారం ఇవ్వవలసిందేనని చెప్పింది.

అయిదేళ్ళ తరువాత, 2005లో, పంజాబు నుండి వచ్చిన మరొక వ్యాజ్యంలో అదే కోర్టు రెండో వైపు సంగతి చెప్పింది. ఆపరేషను తరువాత గర్భం వచ్చినంత మాత్రాన డాక్టరు తప్పు చేసినట్లు కాదు, శరీరం తనంతట తాను గొట్టాన్ని అతికించుకోవచ్చు, డాక్టరు నిర్లక్ష్యం ఉన్నదని రుజువైతేనే బాధ్యత అన్నది. అయితే ఇక్కడొక మెలిక ఉన్నది. "నూటికి నూరుపాళ్ళు ఇక గర్భం రాదు" అని డాక్టరు హామీ ఇచ్చి ఉంటే ఆ మాటకు కట్టుబడి ఉండాలి. చూశారా! మీ ధైర్యం కోసం "ఏమీ కాదమ్మా, గ్యారంటీ" అనే డాక్టరు మీకూ మేలు చేయడంలేదు, తనకూ మేలు చేసుకోవడంలేదు.

ఈ రెండు తీర్పులూ కలిపి చూస్తే మీ సంతకం విలువ తెలుస్తుంది. ముందుగా చెప్పిన, ఎవరి తప్పూ లేకుండా జరిగే అరుదైన ప్రమాదానికి మీరు ఒప్పుకున్నారు. అంతవరకే. ఒక గొట్టం కట్టి రెండోది వదిలేయడానికి మీరు ఒప్పుకోలేదు. శుభ్రంలేని కత్తెరకు ఒప్పుకోలేదు. వేలిముద్ర వేసినందువల్ల మీ హక్కులేవీ పోవు. "సంతకం పెట్టావుగా, ఇప్పుడేమిటి" అని ఎవరైనా గద్దిస్తే నమ్మవద్దు.

2008లో వచ్చిన ఇంకొక తీర్పు కూడా మనకు పనికివచ్చేదే. ఢిల్లీలో ఒకామె లోపల ఏమున్నదో దుర్భిణితో చూసే పరీక్షకు సంతకం పెట్టింది. ఆమె మత్తులో ఉండగా బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసివేశారు. ప్రాణాపాయం ఏమీ లేనప్పుడు తెలివిలో ఉన్న మనిషిని అడగకుండా అలా చేయరాదని, ఒకదానికి ఇచ్చిన అంగీకారం మరొకదానికి చెల్లదని సుప్రీంకోర్టు అన్నది. కాన్పుకు సిజేరియన్ చేసేటప్పుడు "పనిలో పనిగా" గొట్టాలు కట్టేయడం కూడా ఇటువంటిదే. దానికి మీరు వేరుగా, కాన్పు నొప్పులు పడుతున్నప్పుడు కాకుండా ముందుగా ఆలోచించుకుని ఒప్పుకోవాలి. మరీ దూరపు, ఊహకందని ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టనక్కరలేదని కూడా ఆ తీర్పులోనే ఉన్నది. ముఖ్యమైనవి చెప్పాలి, వేరే మార్గాలున్నాయని చెప్పాలి, వద్దనుకుంటే ఏమవుతుందో చెప్పాలి.

గుంపులో పడవద్దు

2012లో బీహారులోని అరరియా జిల్లాలో ఒక బడిలో రాత్రిపూట టార్చిలైట్ల వెలుతురులో రెండు గంటల్లో 53 మంది స్త్రీలకు ఆపరేషనులు చేశారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక్కరోజు శిబిరంలో 83 మందికి చేయగా పదిమందికి పైగా తల్లులు మరణించారు. దూరం ఎందుకు, మన తెలంగాణలో ఇబ్రహీంపట్నంలో 2022 ఆగస్టు 25న 34 మందికి ఆపరేషనులు చేస్తే, వారం తిరగకముందే నలుగురు చనిపోయారు. చంటిపిల్లలున్న తల్లులు. ఇవి "వెయ్యికి ఇంతమంది" అని చెప్పి సంతకం తీసుకునే ప్రమాదాలు కావు.

ఒక డాక్టరు బృందం రోజుకు 30కి మించి ఆపరేషనులు చేయరాదని ప్రభుత్వ నియమం. అరరియా వ్యవహారంలో 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు శిబిరాలు మూడేళ్ళలో మానివేయాలన్నది. ఇంకొక మంచి మాట కూడా చెప్పింది. ఆపరేషను సంగతులు, దాని ఫలితాలు మీకు తెలిసిన భాషలో వివరించాలి. వివరించినట్లు డాక్టరు సంతకం చేయాలి. ఆ తరువాత సుమారు ఒక గంట వ్యవధి ఇవ్వాలి. ఎందుకు? మీ మనసు మారితే లేచి ఇంటికి వెళ్ళడానికి.

ఆ గంట మీది. "బండి వెళ్ళిపోతుంది, తొందరగా కానియ్యి" అని తోసేవారుంటారు. కాగితం చదివించుకోండి. మీకు అర్థమైనది మీ మాటల్లో నర్సమ్మకు తిరిగి చెప్పండి. తప్పు ఉంటే ఆమె సరిదిద్దుతుంది. గుండె జబ్బు, ఉబ్బసం, రక్తహీనత, ఇంతకు ముందు పొట్టకు జరిగిన ఆపరేషను, మందులు పడకపోవడం, నెల తప్పిన అనుమానం, వీటిలో ఏది ఉన్నా దాచకండి. ప్రమాదాలు చెప్పడం డాక్టరు వంతు, ఇవి చెప్పడం మీ వంతు. ఇంకొక బిడ్డ కావాలేమో అని ఏ మూలనైనా అనిపిస్తే ఈరోజు వద్దు. తెగిన గొట్టాలను మళ్ళీ కలిపే ఆపరేషను ఉన్నది గాని అది ఫలిస్తుందన్న నమ్మకం లేదు. కాపర్-టి ఉన్నది, మాత్రలున్నవి, సూది మందు ఉన్నది, నిరోధ్ ఉన్నది. ఆపరేషను వద్దన్నందుకు మీకు మరే వైద్యమూ ఆపరాదు.

తరువాత ఏదైనా అయితే

జ్వరం, పొట్ట ఉబ్బరం, తగ్గకుండా పెరిగే నొప్పి, కుట్టు నుండి చీము లేక రక్తం, కళ్ళు తిరిగి పడిపోవడం. ఇవి కనబడితే తెల్లవారేదాకా ఆగకండి, ఆపరేషను చేసిన చోటికే వెళ్ళండి. దూరమైతే 108కి ఫోను చేయండి.

నెల తప్పితే రెండు వారాలలోపు ఆస్పత్రిలో చెప్పాలని అంగీకార పత్రంలోనే ఉన్నది. సిగ్గుపడి, భయపడి దాచుకున్నకొద్దీ కష్టం పెరుగుతుంది. దీనికి రెండు కారణాలు. ట్యూబెక్టమీ తరువాత వచ్చే గర్భం ఒక్కొక్కప్పుడు గర్భసంచిలో కాక గొట్టంలోనే నిలుస్తుంది. గొట్టం పగిలితే ప్రాణాపాయం. పొత్తికడుపులో ఒక పక్క విపరీతమైన నొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయరాదు. రెండవది, కుటుంబ నియంత్రణ పద్ధతి విఫలమై వచ్చిన గర్భాన్ని వద్దనుకుంటే 20 వారాల లోపు తీసివేయించుకోవడానికి 1971 నాటి చట్టం, 2021లో దానికి చేసిన సవరణ వీలు కల్పిస్తున్నాయి. ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ తల్లి ఇష్టం. కాని ఆలస్యమైతే ఆ ఇష్టానికి చోటుండదు.

పరిహారం కోసం ప్రతివారూ కోర్టు మెట్లెక్కనక్కరలేదు. ప్రభుత్వ ఆస్పత్రిలోగాని, ప్రభుత్వం గుర్తించిన ప్రైవేటు ఆస్పత్రిలోగాని ఆపరేషను చేయించుకున్నవారికి కుటుంబ నియంత్రణ పరిహార పథకం ఉన్నది. ఈ మొత్తాలు 2016 తీర్పు తరువాత రెట్టింపు అయినవి. ఆపరేషను విఫలమైతే 60,000 రూపాయలు. చిక్కులు వచ్చి వైద్యం చేయించుకుంటే అయిన ఖర్చు, 50,000 రూపాయలకు మించకుండా. ఆస్పత్రిలోగాని, ఇంటికి పంపిన 7 రోజులలోపుగాని మరణిస్తే కుటుంబానికి 4 లక్షలు, 8 నుండి 30 రోజులలోపు అయితే 1 లక్ష. డాక్టరు తప్పు చేశాడని రుజువు చేయనక్కరలేదు. అయితే 90 రోజులలోపు దరఖాస్తు పెట్టాలి. ఫారము కోసం ఆపరేషను చేసిన ఆస్పత్రిలోనే అడగండి. అక్కడ పని జరగకపోతే జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయానికి వెళ్ళండి.

దరఖాస్తుకు అంగీకార పత్రం నకలు, ఆపరేషను అయినట్లు ఇచ్చిన ధ్రువపత్రం, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన చీటీ కావాలి. కనుక ఇంటికి బయలుదేరే ముందు ఈ మూడూ అడిగి పుచ్చుకోండి. రేషను కార్డు, పట్టాదారు పాసుపుస్తకం దాచే పెట్టెలోనే వీటిని కూడా దాచండి. వేసెక్టమీ అయితే, మూడు నెలల తరువాత వీర్య పరీక్షకు రావలసిన తేదీని ఆ చీటీ మీద రాయించుకుని, క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.